మంచిగుంటే ఇస్తనన్నడు

దేవదాస్ ఇంట్లో క్రిస్మస్ తాతకు ఎప్పుడూ చోటు లేదు. పంతం పట్టి దూరం పెట్టిందేమీ లేదు. వాళ్లకు క్రిస్మస్ అంటే గడ్డితో కట్టే పశువులపాక, ఇంటి ముందు వేలాడే కాగితపు నక్షత్రం, చర్చిలో పూజ, ఆ తర్వాత మాంసం కూర. మందమర్రి దగ్గర ఓపెన్ కాస్టు బొగ్గు గనిలో టిప్పర్ నడిపే దేవదాస్, అతని భార్య రోజారాణి, ఇద్దరూ కథోలికుల ఇళ్లల్లో పుట్టి పెరిగినవాళ్లు. ఎర్ర టోపీ తాతను బట్టల దుకాణాల ముందూ టీవీలోనూ చూడటమే తప్ప ఆయనతో వాళ్లకు పని పడలేదు. "గాయనకు, బాలయేసుకు ఏం సంబంధమో నాకైతే తెల్వది" అనేది రోజారాణి. పండుగకు పిల్లల చేతిలో కొత్త బట్టలు పెట్టి, ఇవి బాపు కొన్నడు అనే చెప్పేది.

ఆ తాత అలేఖ్య బడి నుంచి వాళ్ల ఇంట్లోకి వచ్చాడు.

అలేఖ్య మూడో తరగతి. ఆమె తమ్ముడు జోజికి ఐదేళ్లు. ఆ ఏడు వానాకాలంలో జోజికి జ్వరం వచ్చి తగ్గకపోతే మంచిర్యాలలో పరీక్షలు చేయించారు. వాళ్లు హైదరాబాద్ పంపారు. అక్కడ రక్తంలో క్యాన్సర్ అన్నారు. అప్పటి నుంచి రోజారాణి కొడుకుతో హైదరాబాద్ ఆసుపత్రిలోనే ఉండిపోయింది. దేవదాస్ సెలవు దొరికినప్పుడల్లా వెళ్లి వచ్చేవాడు. అలేఖ్యను అతని తల్లి దేవవ్వ చూసుకునేది. రోజూ సాయంత్రం ఫోనులో వినిపించే గొంతే ఆ పిల్లకు తల్లి.

డిసెంబరులో ఒకరోజు బడి నుంచి వనజ టీచర్ ఫోను చేసింది. క్రిస్మస్ సెలవులకు ముందు బడిలో పండుగ చేస్తున్నారట.

"మా పేరెంట్స్‌ల క్రిస్టియన్స్ మీరొక్కరే అన్నా. తాత వేషం మీరేస్తెనే బాగుంటది. అలేఖ్య సుత ఈ మధ్య నవ్వుతనే లేదు. పాపకు చెప్పకండి, మాస్కు ఉంటది."

దేవదాస్ ఒప్పుకున్నాడు. కూతురు నవ్వడం లేదన్న మాట అతని చెవిలో ఉండిపోయింది. భార్యకు మాత్రం చెప్పలేదు. ఆసుపత్రిలో ఆమె ఉన్న తీరులో, నేను తాత వేషం వేస్తున్నానని ఫోనులో ఎలా చెప్పాలో అతనికి తెలియలేదు.

ఆ రోజు ఎర్ర బట్టలు తొడిగి, దూది గడ్డం అంటించిన ప్లాస్టిక్ మాస్కు పెట్టి అతన్ని బడి వరండాలో కుర్చీలో కూర్చోబెట్టారు. మంచి పిల్లలు ఏం అడిగినా తాత ఇస్తాడనీ, ఒక్కొక్కరే వెళ్లి చెవిలో చెప్పాలనీ టీచర్లు ముందే పిల్లలకు చెప్పి ఉంచారు. పిల్లలు వరుసలో వచ్చారు. ఒకడు సైకిల్ అడిగాడు. ఒకమ్మాయి కుక్కపిల్లను అడిగింది. అందరికీ అతను గొంతు లావు చేసి "మంచిగుంటే ఇస్త" అని, చాక్లెట్ చేతిలో పెట్టి పంపాడు.

అలేఖ్య వచ్చింది. చర్చిలో పీఠం ముందు నిలబడ్డట్టు చేతులు జోడించి నిలబడింది. తర్వాత వంగి, దూది గడ్డం పక్కన నోరు పెట్టింది.

"నాకేం వద్దు. మా తమ్ముడు జోజికి రక్తం ఖరాబైంది. గది మంచిగ చెయ్యి."

మాస్కు లోపల చెమట కళ్లలోకి కారుతోంది. దేవదాస్ తల ఊపాడు. అలేఖ్య కదల్లేదు.

"పక్కానా?"

వెనక పిల్లలు తోసుకుంటున్నారు. వనజ టీచర్ నవ్వుతూ చూస్తోంది. అతను గొంతు లావు చేశాడు.

"మంచిగుంటే ఇస్త."

అలేఖ్య నవ్వింది. టీచర్ చెప్పింది నిజమే, ఆ పిల్ల అలా నవ్వి చాలా కాలమైంది. దేవదాస్ ఆ సాయంత్రం బట్టలు మడిచి బడిలో ఇచ్చేసి, ఇంటికి వచ్చి, కూతురు చెప్పే తాత ముచ్చట్లన్నీ కొత్తగా విన్నట్టు విన్నాడు.

క్రిస్మస్ వెళ్లాక హైదరాబాద్ డాక్టర్లు రోజారాణిని కూర్చోబెట్టి మాట్లాడారు. మందులు పని చేయడం లేదన్నారు. బాబును ఇంటికి తీసుకెళ్లండి, ఉన్నన్నాళ్లు నొప్పి లేకుండా చూసుకోండి, అన్నారు. దేవదాస్ వెళ్లి ఇద్దరినీ తీసుకొచ్చాడు. జోజి వెంట్రుకలన్నీ రాలిపోయిన తలతో, తల్లి భుజం మీద పడుకుని ఇంట్లోకి వచ్చాడు.

అలేఖ్య గడపలో నిలబడి చూసింది. వెంటనే వెనక్కి తిరిగి దేవవ్వ దగ్గరికి పరుగెత్తింది.

"బాపమ్మా, ఇచ్చిండు. తమ్ముణ్ణి ఇచ్చిండు."

"ఎవలు ఇచ్చిన్రు బిడ్డా?" అంది రోజారాణి.

"క్రిస్మస్ తాత."

బడిలో నేర్పిన మాటనుకుంది రోజారాణి. నెలల తర్వాత చూస్తున్న కూతురి ముఖంలో ఆ సంతోషాన్ని చెరిపేయడానికి ఆమెకు మనసు రాలేదు. తాతను మాత్రం ఒప్పుకోలేకపోయింది.

"తాత గాదు బిడ్డా. దేవుడు పంపిండు" అంది.

దేవదాస్ సంచి మూతి ముడి విప్పుతూ తల ఎత్తలేదు. డాక్టర్లు ఎందుకు పంపారో పిల్లకు ఎవరూ చెప్పలేదు. అందరూ అనుకున్నది ఒకటే: చిన్నపిల్ల, ఇప్పుడే ఎందుకు.

ఆ తర్వాతి రోజుల్లో అలేఖ్య మరీ మంచిపిల్ల అయిపోయింది. చెప్పకముందే చాయ్ గిన్నెలు కడిగేది. జోజికి చప్పుడు పడదని ఇంట్లో మునివేళ్ల మీద నడిచేది. పక్కింటి పిల్లలు కొడితే తిరిగి కొట్టేది కాదు. దేవవ్వ మురిసిపోయి అందరికీ చెప్పుకుంది. రోజారాణికి మాత్రం ఇవేవీ కనిపించలేదు. జోజి ఒళ్లు ఎక్కడ తాకినా అరిచేవాడు. ఆమె తిండీ నిద్రా వాడి మంచం పక్కనే. అలేఖ్య ఏదైనా చెప్పబోతే "జరాగు బిడ్డా" అనేది. ఆ పిల్ల ఆగేది. కాసేపు నిలబడి వెళ్లిపోయేది.

ఫిబ్రవరిలో, పొద్దున దేవదాస్ డ్యూటీకి బయలుదేరే వేళ, జోజి చనిపోయాడు. చర్చి వెనక సమాధుల తోటలో, ఒక మూల పెట్టారు.

అలేఖ్య ఏడవలేదు. ఎవరు పిలిచినా వెంటనే వచ్చేది, ఏం పెట్టినా సగం తిని కంచం కడిగేసేది. నిద్రలో పళ్లు కొరికేది. తమ్ముడి మీద బెంగ, తగ్గిపోతుందిలే అన్నారు బంధువులు.

ఈస్టరుకు ముందు వచ్చే నలభై శ్రమదినాలు మొదలయ్యాయి. ఈస్టరుకు మొదటిసారి సత్ప్రసాదం తీసుకునే పిల్లలకు చర్చి పక్క గదిలో సిస్టర్ తరగతులు చెప్పేది. ఫాదర్ ముందు తప్పులు ఒప్పుకునే మొదటి పాపసంకీర్తనానికి ముందు ఎవరి తప్పులు వాళ్లు గుర్తు తెచ్చుకోవాలని చెప్పిన రోజు, తరగతి అయిపోయినా అలేఖ్య లేవలేదు. సిస్టర్ దగ్గరికి వెళ్లి అడిగితే చెప్పింది. సిస్టర్ రోజారాణికి కబురు చేసింది.

"నాకు ఎట్లా చెప్పాలో తెలుస్తలేదమ్మా" అంది సిస్టర్. "తమ్ముణ్ణి నేనే చంపిన అంటున్నది. నాకు ప్రసాదం వద్దంటున్నది. మీరే అడగండి."

రోజారాణి చర్చి మెట్ల మీద కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఏమైంది బిడ్డా, ఎందుకన్నవ్ గట్ల?"

అలేఖ్య గౌను అంచు మడతపెట్టి విప్పింది.

"నేను మంచిగ లేను."

"ఏం జేసినవ్?"

"చెయ్యలే. మనసుల అనుకున్న."

"ఏమని?"

"వీడు మళ్ల హైదరాబాద్ పోతె మంచిగుంటది అని. నువ్వు నా దిక్కు చూస్తలేవని. గందుకే తాత మళ్ల తీస్కపోయిండు. మంచిగుంటే ఇస్తనన్నడు. నేను ఉండలే."

"ఏ తాత?"

"బడికొచ్చిన తాత. నేను చెవుల అడిగిన. ఇస్తనన్నడు."

రోజారాణి కూతుర్ని దగ్గరికి లాక్కుంది. ఆ పిల్ల కర్రలా బిగుసుకుని ఉంది.

సాయంత్రం దేవదాస్ డ్యూటీ దిగి వచ్చి, వాకిట్లో నల్లా కింద ముఖం మీది బొగ్గు కడుక్కుంటున్నాడు. రోజారాణి వచ్చి నిలబడింది. చర్చి మెట్ల మీద విన్నదంతా చెప్పింది.

"బడిల తాత వేషం ఎవడు కట్టిండో కనుక్కో" అంది. "వాని దగ్గరికి పోయి అడుగుత. ఆ పిల్లకు గంత మాట ఎట్ల ఇచ్చినవ్ అని అడుగుత."

దేవదాస్ నల్లా కట్టేయలేదు. నీళ్లు పోతూనే ఉన్నాయి.

"నేనే" అన్నాడు.

రోజారాణికి ఒక్కసారికి అర్థం కాలేదు. అతను మళ్లీ చెప్పాడు. టీచర్ ఫోను చేయడం, మాస్కు, వెనక తోసుకునే పిల్లలు, అన్నీ చెప్పాడు. ఆమె వింటూ అక్కడే అరుగు మీద కూర్చుండిపోయింది.

"నా తోని ఒక్క మాటన్న చెప్పకపోతివి."

"నవ్వుతదని జేసిన. గట్ల అడుగుతదని నాకేం తెల్సు."

"అడిగినంక తెల్సింది గద. ఇంటికొచ్చి మాస్కు నేనే ఏస్కున్న బిడ్డా అంటె అయిపోతుండె."

గుమ్మంలోంచి దేవవ్వ అంది: "చిన్నపోరి, ఇయ్యాల గాకపోతె రేపు మర్చిపోతది. ఇప్పుడు చెప్తె ఇంక పరేషానైతది. ఊకోండ్రి."

"మర్చిపోదు అత్తమ్మా" అంది రోజారాణి. "చంపిన అనుకుంట పెరుగుతది."

"నేనే అని చెప్తె నన్నెట్ల చూస్తది?" అన్నాడు దేవదాస్.

"ఎట్ల చూస్తె గట్ల చూడనీ."

అలేఖ్యను పిలిచారు. వెంటనే వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. దేవదాస్ ఆమె ముందు కింద కూర్చున్నాడు. క్రిస్మస్ తాత అని ఎవరూ లేరనీ, ఆ రోజు మాస్కు వెనక ఉన్నది తనేననీ చెప్పాడు. తమ్ముడు పోయింది రోగంతోనే, ఎవరూ తీసుకుపోలేదు అన్నాడు.

అలేఖ్య తల అడ్డంగా ఊపింది. "నువ్వు గాదు. తాత గొంతు వేరే ఉండె."

వేరే దారి లేక దేవదాస్ గొంతు లావు చేశాడు. "మంచిగుంటే ఇస్త" అన్నాడు.

ఆ పిల్ల ఉలిక్కిపడి గోడకు అతుక్కుపోయింది. తండ్రి ముఖంలోకి, నోటి వైపు, మళ్లీ కళ్లలోకి చూసింది. దేవదాస్ చేయి చాచాడు. ఆ పిల్ల అందుకోలేదు.

"నీకు గప్పుడే తెల్సా? తమ్మునికి రోగం తక్కువ గాదని?"

"గది తెల్వది. నాతోనైతే గాదని తెల్సు."

"మరెందుకన్నవ్?"

అతను చాచిన చేయి వెనక్కి తీసుకున్నాడు. అలేఖ్య తల్లి వైపు తిరిగింది.

"అవ్వా, దేవుడు పంపిండన్నవ్ గద. అది సుత బాపేనా?"

అందరి చూపూ రోజారాణి మీద పడింది. జోజి పుట్టినప్పుడూ, రోగం బయటపడినప్పుడూ, మట్టి కప్పినప్పుడూ జపమాల వదలని మనిషి ఆమె. చివరికి నేల చూస్తూ చెప్పింది.

"డాక్టర్లు పంపిన్రు బిడ్డా. మందులు పని చేస్తలేవని పంపిన్రు. నేను గట్ల అనొద్దుండె."

"మరి నేను అనుకున్నది?"

"అనుకుంటె ఎవ్వరు చావరు. నేను సుత అనుకున్న. వాడు ఒక్కతీరుగ అరిచిన దినం, దేవుడా, జల్ది తీస్కపో వీణ్ణి అనుకున్న. కన్నతల్లిని. నాతోని చచ్చిండా వాడు? నీతోని సుత చావలే."

దేవవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. దేవదాస్ ఆ మాట భార్య నోట వినడం అదే మొదలు. అలేఖ్య తల్లిని చూస్తూ ఉండిపోయింది. తర్వాత నెమ్మదిగా వచ్చి ఆమె ఒళ్లో తల పెట్టి ఏడ్చింది. జోజి పోయాక ఆ పిల్ల ఏడవడం అప్పుడే. ఏడ్చి ఏడ్చి అక్కడే నిద్రపోయింది.

దేవదాస్ మర్నాడు బడికి వెళ్లి వనజ టీచర్‌తో జరిగింది చెప్పాడు. ఆమె కళ్లు తుడుచుకుంది. "పిల్లల సంతోషానికే చేస్తం గదన్నా" అంది. అతనికి ఆమె మీద కోపం రాలేదు. ఏ కోపమూ ఎవరి మీదా నిలవకపోవడమే అతనికి కష్టంగా ఉంది.

ఆ ఈస్టరుకు అలేఖ్య సత్ప్రసాదం తీసుకోలేదు. ఫాదర్ అడిగితే "ఏది నిజమో నాకు తెల్వది ఫాదర్" అంది. ఆయన తొందరేం లేదన్నాడు. తెల్ల గౌన్ల పిల్లల మధ్య తమ బిడ్డ లేకపోవడం చర్చిలో అందరూ చూశారు. రోజారాణి తల వంచుకుని ప్రసాదం తీసుకుని వచ్చి కూతురి పక్కన మోకరించింది.

ఒక మేలు జరిగింది. వేసవిలో ఒకరోజు అలేఖ్య పక్కింటి పిల్లతో జుట్లు పట్టుకుని కొట్లాడింది. వాళ్లమ్మ తగువుకు వస్తే రోజారాణి ఆమెకు సర్దిచెప్పి పంపి, లోపలికి వెళ్లి ఒంటరిగా కాసేపు ఊపిరి పీల్చుకుంది. పిల్ల కంచంలో అన్నం కూడా మిగలడం లేదు. కాని తండ్రి ఏం చెప్పినా, ఎంత చిన్నదైనా, రేపు వాన పడుతుందన్నా, బస్సు వచ్చిందన్నా, తల్లి వైపు తిరిగి "నిజమేనా" అని అడిగేది. దేవదాస్ ఎదురుగానే అడిగేది. అతను వినేవాడు.

నవంబరులో, పోయినవాళ్లను తలుచుకునే సమాధుల పండుగకు ముగ్గురూ చర్చి వెనక తోటకు వెళ్లారు. ఓపెన్ కాస్టు మట్టిగుట్టల మీది నుంచి గాలి కొడుతోంది, రోజారాణి వెలిగించిన కొవ్వొత్తులు ఆరిపోతున్నాయి. ఆమె వంగి చేయి అడ్డం పెట్టి మళ్లీ వెలిగిస్తోంది. దేవదాస్ చిన్న సిలువకు సున్నం వేస్తున్నాడు. అలేఖ్య వచ్చి అతని వెనక నిలబడింది.

"తమ్ముడు కింద ఉన్నడా, పైన ఉన్నడా?"

అతనికి అర్థమైంది. తల్లిని అడగలేదు, తనను అడిగింది. కుంచె దించి ఆలోచించాడు.

"కింద పెట్టింది నేనే. నా చేతులతోని పెట్టిన. గది నిజం. పైన ఉన్నడని నమ్ముతున్న. చూడలే."

"అవ్వ చూసినట్టే చెప్తది."

"అవ్వ నమ్మకం గట్టిది."

"నీది?"

"నాది గంత గట్టిది గాదు బిడ్డా."

అలేఖ్య ఈసారి తల్లి వైపు తిరిగి నిజమేనా అని అడగలేదు. సిలువ వెనకకు వెళ్లి చూసి, "గిక్కడ పడలే" అంది. కుంచె తీసుకుని ఆ చోట తనే సున్నం వేసింది. దేవదాస్ డబ్బా పట్టుకుని నిలబడ్డాడు.

ఇంటికి వెళ్లేటప్పుడు ఆ పిల్ల తల్లి చేయి పట్టుకుని ముందు నడిచింది. అతను డబ్బాతో వాళ్ల వెనక నడిచాడు.