దిమ్మ పోయిన వంతెన

మా తమ్ముడు డిల్లర్డ్, వాగు మీది వంతెన దిమ్మని పేల్చింది ఆదివారం మిట్టమధ్యాహ్నం. గార్డులంతా గని కంపెనీ కొట్టు వెనక తిండికి కూర్చున్నారు. నేను మొక్కజొన్న రొట్టె ముక్కలు కోస్తున్నాను. చప్పుడుకి కిటికీ అద్దం పగిలి బల్ల మీద పడింది. మా ఇంట్లో అద్దెకుంటున్న కంపెనీ కుర్ర ఇంజనీరు ఆర్విడ్ లిండ్‌స్టెడ్ చెంచా పక్కన పెట్టేసి, టోపీ కూడా తీసుకోకుండా వాగు వైపు పరుగెత్తాడు.

సమ్మె అప్పటికి చలికాలమంతా ఈడ్చుకొచ్చింది. గనిలో పనిచేసేవాళ్ళని కంపెనీ ఇళ్ళలోంచి గెంటేశారు. గెంటేటప్పుడు గార్డుల పెద్ద క్రీడ్ టాకెట్, డిల్లర్డ్ పెళ్ళాన్ని నిండు నెలలతో ఉండగా మెట్ల మీంచి తోశాడు. బిడ్డ దక్కలేదు. ఆ తరవాత మా తమ్ముడు నవ్వగా నేను చూడలేదు. వాళ్ళంతా కొండ మీద గుడారాల్లో ఉండేవాళ్ళు. నా ఇల్లు మాత్రం మా ఆయన బతికుండగా సొంతంగా కొన్న నేల మీద ఉంది కాబట్టి నన్ను కదపలేకపోయారు.

టెనెసీ నుంచి లారీల నిండా, సమ్మె విరగ్గొట్టడానికి, బయటి కూలీలని దింపుతున్నారని ఆ వారమే తెలిసింది. గనికి లారీ వెళ్ళే దారి లిక్‌ఫోర్క్ వాగు మీది వంతెన ఒక్కటే. ఇటు గట్టు, అటు గట్టు, మధ్యలో రెండు రాతి దిమ్మలు, వాటన్నిటి మీదుగా ఒకే పొడుగున పరిచిన ఇనుప దూలాలు. డిల్లర్డ్ గని వైపు దిమ్మకి డైనమైట్ కట్టాడు. దిమ్మ పిండై వాగులో కలిసిపోయింది.

వంతెన మాత్రం పడలేదు. దిమ్మ ఉన్నచోట జానెడు కిందికి కుంగి, అలాగే నిలబడింది. కొండ మీద మావాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. ఇవతల గార్డులు పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు.

టాకెట్ ఆర్విడ్ భుజం మీద చెయ్యేసి, చూశావుగా, ఆ దిమ్మ దండగేనని తేలిందన్నాడట. పొద్దున్నే లారీలొస్తాయి, ఇంజనీరు మాట లేందే డ్రైవర్లు వంతెన ఎక్కం అంటున్నారు, ఫరవాలేదని ఒక్క ముక్క చెప్పు చాలన్నాడట. లెక్క కట్టి చెప్తానని ఇంటికొచ్చాడు ఆర్విడ్.

సాయంత్రం దాకా నా వంటింటి బల్ల మీద లెక్కలే. ఇల్లినాయ్ నుంచి వచ్చినవాడు, కొత్త పద్ధతి ఏదో నేర్చుకొచ్చాడు. ఏం చేస్తున్నావని అడిగితే విసుక్కోకుండా చెప్పాడు. దూలం ఆనుకునే చోట్లు, అంటే ఆనులు, రెండే ఉంటే ఏ ఆను ఎంత మోస్తుందో ఇట్టే చెప్పొచ్చట. నాలుగుంటే ఆ లెక్క అంత తేలిగ్గా తేలదు. ఒకదాని వాటా తెలియాలంటే మిగతావాటి వాటా తెలియాలి, అవి తెలియాలంటే మొదటిది తెలియాలి. అందుకని ప్రతి ఆను దగ్గరా దూలాన్ని కదలకుండా బిగించేసినట్టు అనుకుని, ఒక్కొక్క చోటే వదులుతాడు. వదిలినచోట మిగిలిన వంపుని రెండు పక్కలకీ పంచుతాడు, అందులో సగం అవతలి కొసకి పాకుతుంది, దాన్ని మళ్ళీ పంచుతాడు. పంచగా పంచగా మిగులు సన్నబడి పోతుంది. దిమ్మ ఉన్నప్పటి లెక్క ఒకటి, దిమ్మ పోయాక లెక్క ఒకటి, రెండూ పక్కపక్కన వేశాడు. రెండోది అయ్యాక పెన్సిల్ పడేసి, మొహం చేతుల్లో పెట్టుకుని కూర్చున్నాడు.

చీకటి పడకముందే డిల్లర్డ్ వెనక తలుపులోంచి వచ్చాడు, ఇంకో ఇద్దరిని వెంటేసుకుని. 

"ఇంకెంత మందు పెడితే పడుతుందది?" అన్నాడు కూర్చోకుండానే.

"ఏమీ పెట్టక్కర్లేదు," అన్నాడు ఆర్విడ్. "నిండు లారీ ఎక్కితే అదే పడుతుంది."

కాగితం తిప్పి చూపించాడు. అంత పొడుగు దూలం ఒక్క ముక్కగా రాదు కాబట్టి, కట్టినవాళ్ళు దాన్ని రివెట్లతో అతికారు. అతుకు ఎక్కడ పెట్టాలి? దూలం అసలు వంగనిచోట. గని వైపు దిమ్మ దాటాక కాస్త దూరంలో అలాంటి చోటుంది, అక్కడే పెట్టారు. తెలివైన పనే. కానీ దిమ్మ పోయాక దానికి అటూ ఇటూ ఉన్న రెండు ఖాళీలూ కలిసి ఒకటే పెద్ద ఖాళీ అయింది. ఇప్పుడు దూలం అన్నిటికంటే ఎక్కువ వంగేది సరిగ్గా ఆ అతుకు దగ్గరే. తన బరువు వరకూ ఎలాగో ఓర్చుకుంటోంది. లారీ ఆ ఖాళీ మీదికి వెళ్ళేసరికి ఇటు గట్టు మీది కొస పైకి లేస్తుంది, ఆ వెంటనే అతుకు ఊడుతుంది.

డిల్లర్డ్ ఆ కాగితాన్ని పక్కకి తోశాడు. వాడికి అంకెలు రావు, కానీ మాట అర్థమైంది.

"అయితే నువ్వు నోరు మూసుకుని ఇక్కడే కూర్చో. రేపు రానీ వాళ్ళని."

"కూర్చోను. టాకెట్‌కి చెప్తాను. ఆ లారీలో ఉండేది మనుషులయ్యా."

"నా పెళ్ళాం కడుపులోది ఏవిటి మరి?"

 అయినా టాకెట్‌కి చెప్పి తీరతానన్నాడు ఆర్విడ్. డిల్లర్డ్ వాణ్ణి జుట్టు పట్టి బల్లకేసి కొట్టాడు. ముక్కెముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. కింద పడ్డాక మిగతా ఇద్దరూ డొక్కలో తన్నడం మొదలెట్టారు. నేను తలుపు వెనకనించి మా ఆయన తుపాకీ తీసి డిల్లర్డ్ గుండెకి గురిపెట్టాను. వెళ్ళిపొమ్మన్నాను.

"నన్ను కాలుస్తావా అక్కా?"

"ఇంకో తన్ను తంతే కాలుస్తాను."

వెళ్ళిపోయాడు. గడప దాటుతూ, రక్తం ఉమ్ముతున్న ఇంజనీరుని చూసి ఒక బూతు తిట్టాడు, నా వంక మాత్రం చూడలేదు.

పొద్దున్న ఆర్విడ్ మొహం గుమ్మడికాయలా వాచింది, ఒక కన్ను తెరుచుకోవడం లేదు. నా భుజం పట్టుకుని నడిచాడు. వంతెన ఇవతల లారీలు వరసగా ఆగి ఉన్నాయి. మొదటిదాంట్లో, గనిలో కప్పుకి ఆనించే కొయ్యదుంగల మీద కూలీలు ఇరుక్కుని నిలబడ్డారు. బక్క మొహాలు, చిరుగుల కోట్లు. ఎక్కడికొచ్చారో, ఎవరి పొట్ట కొట్టడానికొచ్చారో వాళ్ళకి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఆర్విడ్ టాకెట్‌కి అంతా చెప్పాడు, నెమ్మదిగా, డ్రైవర్లకి కూడా వినపడేలా. టాకెట్ చివరిదాకా విన్నాడు.

"నిన్ను కొట్టినవాళ్ళే ఈ పాఠం చెప్పించారు కదూ?" అన్నాడు. "ఇలా రా."

ఆర్విడ్ కుడిచెయ్యి పట్టుకుని లారీ తలుపు సందులో పెట్టి, తలుపుని బూటుకాలితో తన్నాడు. వేళ్ళు నలిగిన చప్పుడు. ఆర్విడ్ మోకాళ్ళ మీద పడ్డాడు. 

"ఇప్పుడు చెప్పు. ఫరవాలేదా?"

"అతుకు ఊడుతుంది," అన్నాడు ఆర్విడ్.

మళ్ళీ తన్నాడు. మళ్ళీ అదే మాట. మొదటి లారీ నడిపే హాస్కెల్ అనే డ్రైవరు ఇక చూడలేక, తాళం చెవి బురదలోకి విసిరేసి వెనక్కి నడిచాడు. టాకెట్ వాడి కాళ్ళ దగ్గర పిస్తోలు పేల్చాడు. వాడు ఉలిక్కిపడ్డాడు గానీ ఆగలేదు. మిగతా డ్రైవర్లూ దిగిపోయారు. అంతమంది ముందు టాకెట్ మొహం ఎర్రబడింది. తాళం ఏరుకుని, తానే నడుపుతానని లారీ ఎక్కాడు.

నేను లారీ వెనక్కి పరుగెత్తి, దిగిపొండయ్యా, ఇది మీ చావే అని కూలీల కాళ్ళు పట్టుకుని లాగాను. ఒక గార్డు తుపాకీ మడమతో నా మూతి మీద కొట్టాడు. ముందు పళ్ళు అప్పుడే పోయాయి. రక్తం చూశారో ఏమో, కొందరు దూకేశారు. కొందరు దూకేలోపే లారీ కదిలింది.

మొదటి దిమ్మ దాటేదాకా ఏమీ కాలేదు. టాకెట్ కిటికీలోంచి తల బయటికి పెట్టి మా వైపు చూశాడు కూడా. లారీ ఆ పెద్ద ఖాళీలో సగం వెళ్ళాక, నా ఎదురుగా గట్టు రాయి మీదున్న దూలం కొస మెల్లగా పైకి లేచింది. దాని కింద నుంచి వెలుతురు కనపడింది. ఆర్విడ్ కళ్ళు మూసుకున్నాడు. అవతల రివెట్లు తుపాకీ గుళ్ళలా పేలాయి. దూలం అతుకు దగ్గర తెరుచుకుంది, లారీ ముందుకి మొగ్గి, దుంగలూ మనుషులూ అన్నీ కలిసి రాళ్ళ మీద పడ్డాయి. టాకెట్ దుంగల కింద ఉన్నాడు. తల ఏదో, రాయి ఏదో పోల్చుకోలేం.

అప్పుడు కొండ మీంచి మావాళ్ళ కాల్పులు మొదలయ్యాయి. గార్డులు ఎదురు కాల్చారు. నీళ్ళలో పడి బతికినవాళ్ళు పాకుతుంటే గుళ్ళు వాళ్ళ చుట్టూ నీళ్ళని చిమ్ముతున్నాయి. మోచేతుల మీద పాకుతున్న ఒక కుర్రాడి మెడలో గుండు దిగింది. ఆర్విడ్ నలిగిన చెయ్యి కడుపుకి అదుముకుని వాగులోకి దిగాడు. ఎడంచేత్తో ఒకణ్ణి కాలరు పట్టుకుని లాగుతుండగా తన తొడలో గుండు తగిలింది. కూలబడ్డాడు, కాలరు మాత్రం వదల్లేదు.

నేను దిగి వాళ్ళకీ కొండకీ మధ్య నిలబడ్డాను. ధైర్యం కాదది. నా తమ్ముడి తుపాకీ చప్పుడు నాకు తెలుసు, కొండ మీద వినపడుతున్నవాటిల్లో అదొకటి. పేరు పెట్టి పిలిచాను. నోట్లోంచి రక్తం కారుతుంటే మాట సరిగా రాలేదు. ఇంకో రెండు పేలాయి. తరవాత ఆ తుపాకీ ఆగింది. దాని వెనకే మిగతావి ఒక్కొక్కటే ఆగాయి.

టాకెట్ శవాన్ని కంపెనీ రైల్లో పంపించింది. టెనెసీ వాళ్ళ శవాల్ని అడగడానికి ఎవరూ రాలేదు. గుడారాల ఆడవాళ్ళూ నేనూ కలిసి కొండ మలుపులో గోతులు తవ్వుతుంటే డిల్లర్డ్ పార తీసుకుని వచ్చాడు. ఎవరితోనూ మాట్లాడకుండా అన్నిటికంటే గట్టి నేలలో తవ్వాడు. ఆ మెడలో గుండు దిగిన కుర్రాణ్ణి దింపేటప్పుడు మాత్రం అడిగాడు.

"వీడి పేరేంటక్కా?"

"తెలీదు."

"నేనే కాల్చాను వీణ్ణి," అన్నాడు. 

మర్నాడు తనే వెళ్ళి షెరీఫ్‌కి లొంగిపోయాడు. యావజ్జీవం వేశారు. నాలుగో ఏట జైల్లోనే ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. సమ్మె మాత్రం వంతెన పడ్డ ఏడు వేసవిలోనే ఓడిపోయింది.

ఆర్విడ్ ఆకులు రాలే కాలం దాకా మా ఇంట్లోనే మంచంలో ఉన్నాడు. కంపెనీ వాణ్ణి పనిలోంచి తీసేసింది, వంతెన పడ్డ తప్పు వాడిదేనని రాసింది కూడా. కుడిచేతి వేళ్ళు మళ్ళీ ముడుచుకోలేదు. ఎడంచేత్తో అంకెలు దిద్దుకోవడం నా బల్ల దగ్గరే మొదలుపెట్టాడు. చిన్నపిల్లాడి రాతలా వంకరటింకరగా వచ్చేవి. వెళ్ళేరోజు స్టేషన్లో, రైలెక్కాక, చెప్పకపోయినా ఆ వంతెన పడేదే కదా అన్నాడు. చెప్పబట్టే కొందరు దూకారన్నాను. అది వాడికి ఎంత ఊరటో నాకు తెలియదు. తల ఊపి, ఎడంచెయ్యి చాపాడు.