ఎడమకు వాలిన ఎర్మాలిన్

మా అన్న ఓథ్నీల్‌కు నా పడవ కావాలి. ఆ మాట సూటిగా అడిగే ధైర్యం లేక నా కళ్లను అడ్డం పెట్టుకున్నాడు.

కళ్లు పోతున్న మాట నిజమే, దాచుకోవడానికి అదేం దొంగసొత్తు కాదు. మనుషులు కనిపిస్తారు, తెరచాప కనిపిస్తుంది, గట్టు మీద మేక కూడా కనిపిస్తుంది. నీటి రంగులే ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. మా కారియాకూ దీవిలో లోతంటే రంగే. తెల్లగా ఉంటే ఇసుక, గోధుమరంగుంటే పగడపు రాయి, ముదురు నీలమైతే భయం లేదు. నాన్న నాకు నేర్పింది ఇదే, ఇన్నేళ్లూ నేను నడిపిందీ ఇలాగే. కిందటేడు నీళ్లలో మునిగి ఉండే దిబ్బ దగ్గరి మలుపులో నా పడవ ఎర్మాలిన్ అడుగు రాయికి గీసుకుంది. ఎర్మాలిన్ మా అమ్మ పేరు. నాన్న తన చేతులతో పడవ కట్టి, ఆ పేరు పెట్టి, పోయేముందు చుక్కాని నాకప్పగించాడు. ఓథ్నీల్‌కు ఇల్లు ఇచ్చాడు. వాడికి అది చాల్లేదు.

"ఇక చాల్లే క్లెమీ," అన్నాడు రమ్ము కొట్టు ముందు, పదిమందీ వింటుండగా. "కళ్లు కనబడనిదాని చేతిలో అమ్మ పడవ పెట్టి చూస్తూ కూర్చోలేను. చుక్కాని నాకిచ్చెయ్. నువ్వు ఇంటిపట్టున చేపలు ఎండబెట్టుకో."

"నీ కళ్లు బ్రహ్మాండంగా ఉన్నాయిగా, నువ్వెండబెట్టు!" అన్నాను. నాకు ఒళ్లు మండిపోతోంది. "రంగులు కనబడకపోతే అంకెలు చూసి నడుపుతాను. లోతు చెప్పే మిషను, వేగం చెప్పే మిషను పెట్టిస్తా. పడవ నీళ్లలోకి దిగిన రోజే నిన్ను ఎక్కించుకుని మలుపు దాటిస్తా. అడుగు రాయికి తగిలిందా, చుక్కాని నీది."

"తగలకపోతే?"

"చచ్చేదాకా నా పడవ ఊసెత్తవు."

అందరూ విన్నారు. వెనక్కి తీసుకునే మాట కాదు.

మర్నాడే స్టీమరెక్కి సెయింట్ జార్జెస్ పట్నం వెళ్లాను. కొట్టు యజమాని సముద్రమంతా రంగురంగుల పటంలా చూపించే పెద్ద తెర ఒకటి ముందుకు జరిపాడు.

"అయ్యా, రంగులు కనబడకే కదా నీ కొట్టుకొచ్చింది? మళ్లీ రంగులే అంటగడతావేం?" అన్నాను.

ఆయన నవ్వి, పడవ లోపల అంటించేది చూపించాడు. దానికి చిల్లు పెట్టక్కర్లేదట. మాది చెక్క పడవ అనేసరికి తనే తీసి పక్కన పెట్టాడు. ఈ మిషను నీళ్లలోకి శబ్దం పంపి, అది అడుగుకు తగిలి తిరిగొచ్చేదాన్ని వింటుంది. చెక్క ఆ శబ్దాన్ని మింగేస్తుంది. కాబట్టి చిల్లు తప్పదు. ప్లాస్టిక్‌ది చవకే గాని, చెక్క నీళ్లు తాగి ఉబ్బితే దాన్ని పిండేస్తుంది. కంచుదే తీసుకున్నాను. లోతుకూ వేగానికీ అదొక్కటే. దాని కింద వేలెడంత చక్రం నీళ్లకు తిరుగుతూ వేగం చెబుతుంది. తెర మీద అంకెలు నా బొటనవేలంత ఉన్నాయి. నీళ్లు తగ్గితే కూత పెడుతుంది, మనం నొక్కితే తప్ప ఆగదు. కొట్లోనే కూయించి చూశాను. వీధి చివర కుక్క అందుకుని మొరిగింది. ఇక ఇంకోటి చూడనన్నాను.

మా రేవులో పడవలు కట్టే కత్‌బర్ట్ బాబాయ్ ఎర్మాలిన్‌ను గట్టు మీదికి లాగించి, గుంజలు ఆసరాపెట్టి నిలబెట్టాడు. ఎడమవైపంతా పాత అతుకులే. కుడివైపు, అడుగు దూలానికి ముందు, పలకలు చదునుగా ఉన్నాయి. అక్కడైతే నీరు నురగ లేకుండా పారుతుంది. చిల్లు పెట్టే బర్మా నా చేతికిచ్చి, "పెట్టు, నీ పడవే కదా," అన్నాడు బాబాయ్.

సరిగ్గా అప్పుడే ఓథ్నీల్ ఊడిపడ్డాడు. "ఏమే, అమ్మ పొట్టకు చిల్లు పెడతావా?"

"అమ్మ పొట్ట కోసే నిన్ను బయటికి తీశారు. అప్పుడు బతికింది, ఇప్పుడూ బతుకుతుంది. పక్కకు జరుగు, పొట్టు కళ్లల్లో పడుతుంది."

బాబాయ్ పగలబడి నవ్వాడు. నేను బర్మా నొక్కాను. చెక్క అవతలివైపు వెలుతురు కనబడేదాకా ఆపలేదు. కంచుది నేరుగా కిందికి చూసేలా చెక్కదిమ్మ చెక్కి, చుట్టూ జిగురు దట్టంగా పూసి బిగించాం. పడవ అడుగు వెనకవైపు ఇంకా లోతుగా దిగుతుంది కాబట్టి ఆ తేడా కొలిచి మిషన్లో పెట్టాం. అంకె చూపేది అడుగు దూలం కింద మిగిలిన నీళ్లనే. అదీ మావాళ్లు మాట్లాడే బారల్లోనే.

పడవ దించే రోజు ఊరంతా వచ్చింది. ఫాదరు నీళ్లు చల్లాడు, పడవ ముక్కు మీద బాబాయ్ రమ్ము పోశాడు, యూనిస్ పిన్ని పెద్ద గుండిగలో మేకకూర కలుపుతోంది. మా రేవులో పడవను నిలబెట్టి దించరు. ఒక పక్క గుంజలు గొడ్డలితో నరుకుతారు, అవతలి పక్క జనం తాళ్లు బిగబట్టి మెల్లగా వాలనిస్తారు. పడుకోబెట్టిన పడవను దుంగల మీదుగా నీళ్లలోకి లాగుతారు. ఎప్పుడూ కుడి పక్కకే.

బాబాయ్ గొడ్డలెత్తాడు. అప్పుడు గుర్తొచ్చింది.

"ఆపు బాబాయ్! మిషను!"

గొడ్డలి గాల్లోనే ఆగిపోయింది. "ఓరి దేవుడో," అన్నాడు. "నాకెందుకు తట్టలేదే?"

నాకు మాత్రం తట్టిందా? పడవ వాలేది కుడికనీ తెలుసు, కంచుది కుడివైపుందనీ తెలుసు. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ అలా వాలడమే చూసిన మాకు, ఆ రెండింటినీ ఒకచోట పెట్టి ఆలోచించాలనిపించలేదు. మొత్తం బరువు దాని మీద పడితే కంచుదీ నుజ్జు, పలకలూ నుజ్జు.

"ఎడమకు వాలుద్దాం," అన్నాను.

ఎడమకు వాలిన పడవ తిరిగి రాదని మావాళ్ల నమ్మకం. తాళ్లు ఒక్కొక్కటే ఇసుకలో పడ్డాయి.

ఓథ్నీల్ ముందుకొచ్చాడు. ఈసారి మెత్తగా మాట్లాడాడు. "ఆ ముక్క పీకించి చిల్లుకు చెక్క కొట్టించెయ్. చుక్కాని నాకిచ్చెయ్. ఇంతమందిలో ఎందుకే ఈ గొడవ?"

ఆ మెత్తదనమే నాకు కారం రాసినట్టయింది. బాబాయ్ చేతిలో గొడ్డలి లాక్కుని ఎడమవైపు వెళ్లాను. మొదటి గుంజ మీద ఒక్కటేశాను. పడవ కిర్రుమంది.

"నీ మీదే పడుతుందే పిచ్చిదానా!"

"పడనీ! ఇంట్లో కూర్చుని చేపలు ఎండబెట్టేకన్నా అదే నయం!" ఇంకోటి వేశాను.

యూనిస్ పిన్ని గరిటె గుండిగలో వదిలేసింది. "ఏం గుడ్లప్పగించి చూస్తున్నారర్రా? అది నరికేస్తోంది! పట్టుకోకపోతే పడవ పచ్చడైపోదూ?" అంటూ పరుగున వెళ్లి తాడందుకుంది. వంట దగ్గరి ఆడవాళ్లంతా ఆమె వెనకే వెళ్లారు. వాళ్లను చూసి మగవాళ్లు సిగ్గుపడి కదిలారు. చివరి గుంజ విరిగేటప్పుడు తాడు కొసన ఓథ్నీల్ కూడా ఉన్నాడు, మడమలు ఇసుకలో పూడిపోయేలా లాగుతూ.

"అమ్మ పడవని పట్టుకున్నా! నీకోసం కాదు!" అని అరిచాడు.

ఎర్మాలిన్ ఎడమకు వాలింది, మెత్తగా.

మధ్యాహ్నం తెరచాప ఎత్తాం. ఓథ్నీల్ తెరకొయ్యకు ఆనుకుని చేతులు కట్టుకుని కూర్చున్నాడు. మలుపు దారిలో నాన్న కీర్తన పాడుతూ దూరం కొలిచేవాడు. వేగం నాలుగుంటే, నీళ్లలో గుర్తుకు పాతిన గుంజ దాటాక మూడు చరణాలు పాడి ఎడమకు తిప్పాలి. ఆయన నీటి చప్పుడు విని వేగం చెప్పేవాడు, నాకు తెర చెబుతోంది. మూడు చూపిస్తోంది. అంటే నాలుగో చరణం కూడా పాడాలి.

రెండో చరణంలో ఉండగా ఓథ్నీల్ ఎగిరి లేచాడు. "రాయి! ఎదురుగా గోధుమరంగు! తిప్పవే ఎడమకు!"

అంకె చూశాను. అడుగు కింద రెండు బారలకు పైనే. కూత లేదు.

"తిప్పను."

"నా కళ్లకు కనబడుతోందే! అమ్మను ముంచేస్తావా?" చుక్కాని మీదికొచ్చాడు.

"చెయ్యి వేశావంటే విరగ్గొడతా. కూర్చో!"

నాకు భయం వేసింది. ఊళ్లో వాడి కళ్లంత మంచి కళ్లు లేవు. ఆ కళ్లు తప్పై, ఈ బొటనవేలంత అంకె నిజమవ్వాలి. మూడో చరణం ఎత్తుకున్నాను. అప్పుడు నా చేతుల మీద చల్లగా తగిలింది. ఎండ పోయింది. కాసేపటికి మళ్లీ చురుక్కుమంది.

వాడి రాయి మా మీదుగా దాటిపోయింది. అది మబ్బు నీడ.

నాలుగో చరణం చివర అంకె గబగబా పడిపోయింది, మిషను కూత పెట్టింది. ఎడమకు తిప్పాను. అసలు రాయి కుడివైపు బుసబుసా నురగలు కక్కుతూ వెనకబడింది. వాడు చెప్పినచోట తిప్పి ఉంటే ఎడమగట్టు దిబ్బ మీద ఎక్కేసేవాళ్లం. ఆ సంగతి వాడికీ తెలుసు. తెరకొయ్య దగ్గరికి వెళ్లి తలొంచుకుని కూర్చున్నాడు.

కూత మోగుతూనే ఉంది.

"ఆపవే దాన్ని," అన్నాడు.

"ఆపను," అన్నాను. "రేవు దాకా వినబడనీ."