ఐదో అంతస్తుకు వచ్చిన అతిథులు

మా బ్లాకులో ఉండే జురేమా వాళ్లమ్మ శవపేటికను ఐదో అంతస్తు నుంచి దించడానికి ఆరుగురు మగాళ్లకు అరగంట పట్టింది. మెట్లు ఇరుకు. మలుపు వచ్చినప్పుడల్లా పేటికను నిలువుగా లేపాల్సి వచ్చింది. కింది వైపు పట్టుకున్నది నా మొగుడు జిల్సన్. లోపల ఆమె తన వైపు జారడం చేతులకు తెలిసిందని చెప్పి, ఆ రోజంతా తిండి ముట్టలేదు. జురేమా ఏడవలేదు. "ఆ ఎవరాల్డో చేత ఈ మెట్లు ఎక్కిస్తాను" అంది, అంతే.

ఎవరాల్డో మా పోర్టో సెర్రా నగరంలో క్రీడల శాఖకు పెద్ద. బ్రెజిల్‌లో ఇంకే ఊరికీ దక్కని ఆటల పండుగ మాకు దక్కిందని పన్నెండేళ్ల కిందట ఊరంతా ఊదరగొట్టాడు. సైకిల్ పందేల స్టేడియం కట్టడానికి మడ అడవి పక్కనున్న మా పేటను ఖాళీ చేయించాడు. జురేమా వాళ్లమ్మ జుల్మీరాకు ఆ పేటలో చిన్న హోటల్ ఉండేది. శనివారం వస్తే ఎవరాల్డో అక్కడే కూర్చుని, నల్ల చిక్కుళ్లు, పంది మాంసం కలిపి వండిన కూర రెండు పళ్లేలు లాగించేవాడు.

"జుల్మీరా గారూ, స్టేడియం గేటు పక్క కొట్టు మీదే. విదేశీయులు మీ కూర కోసం వరసలో నిలబడతారు చూడండి" అనేవాడు.

కొట్టు రాలేదు. ఊరికి నలభై కిలోమీటర్ల దూరంలో, లిఫ్టు లేని బ్లాకులో ఐదో అంతస్తు ఇచ్చారు. ఆమెవి అరిగిపోయిన మోకాళ్లు. ఎక్కిన రోజు ఎక్కడమే, మళ్లీ దిగింది పేటికలోనే.

తర్వాత జురేమా నగర పర్యాటక శాఖలో బస్సు డ్రైవరుగా చేరింది. తొమ్మిదేళ్లు నోరెత్తకుండా బండి నడిపింది. కిందటేడు ఎవరాల్డో మళ్లీ ఇంకేవో పెద్ద పోటీలు మా ఊరికి తేవాలని ఎగబడ్డాడు. ఊరిని పరిశీలించడానికి ఐదుగురు విదేశీయులు వచ్చారు. వాళ్ల బస్సు జురేమా చేతికొచ్చింది. లోపల జరిగింది ఆమె చెబితేనే నాకు తెలిసింది.

ఎవరాల్డో మైకు పట్టుకుని ముందు నిలబడ్డాడు. ఆమెను గుర్తుపట్టలేదు. "ఇళ్లు ఖాళీ చేసినవాళ్లకు లిఫ్టులున్న కొత్త ఫ్లాట్లు ఇచ్చాం. ఆటల వల్ల వాళ్ల బతుకులే మారిపోయాయి" అన్నాడు. జురేమా బస్సును కుడికి తిప్పింది.

"ఏమ్మా, వీళ్లు దిగిన హోటల్ అటు కదా?"

"మీరు చెప్పిన ఫ్లాట్లు చూపిద్దామని, సార్."

అతను వంగి ఆమె చెవిలో అన్నాడు: "రేపటి నుంచి నీకు ఉద్యోగం ఉండదు."

"రేపు కదా, సార్."

వెనక కూర్చున్న తెల్లజుట్టు పెద్దావిడ ఆ బృందానికి నాయకురాలు. ఆమెకు మా భాష వచ్చు. "పోనివ్వండి, చూద్దాం" అంది. అతను మైకు పక్కన పెట్టి కూర్చున్నాడు.

మా బ్లాకు ముందు బస్సు ఆగేసరికి కింద మగాళ్లు డామినోలు ఆడుతున్నారు. "లిఫ్టు ఎటు?" అని పెద్దావిడ అడిగింది.

"మరమ్మతులో ఉందండీ" అన్నాడు ఎవరాల్డో.

ముసలి బెనెడీటో డామినో బిళ్ల ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగిపోయాడు. "మరమ్మతా? లిఫ్టు పెట్టడానికి అసలు గొయ్యే తవ్వలేదు కదయ్యా!"

అందరూ పడీపడీ నవ్వారు. పెద్దావిడ నవ్వలేదు. మెట్లెక్కడం మొదలుపెట్టింది. ఆమె ఎక్కాక ఎవరాల్డోకు ఎక్కక తప్పలేదు. నేనూ వెనకే వెళ్లాను. మూడో అంతస్తులో అతను కూలబడ్డాడు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది.

జురేమా ఒక మెట్టు పైన నిలబడి చూసింది. "లేవండి సార్. ఇంకా రెండంతస్తులే."

"నీకు నా మీద ఏం పగమ్మా?"

"నేను జుల్మీరా కూతుర్ని."

అతని ముఖం పాలిపోయింది. "ఆవిడ... బాగున్నారా?"

"పైకొచ్చి మీరే చూడండి."

పైన కిటికీ దగ్గర ఖాళీ కుర్చీ, గోడ మీద జుల్మీరా ఫొటో. జురేమా ఐదుగురికీ కాఫీ ఇచ్చింది. ఎవరాల్డో గుమ్మంలో నిలబడి మంచినీళ్లు అడిగాడు. "అయిపోయాయి" అంది, ధారగా కారుతున్న కుళాయి పక్కనే నిలబడి.

పోటీలు వేరే దేశానికి పోయాయి. ఎవరాల్డో పదవి ఊడింది. జురేమా ఉద్యోగం అంతకుముందే, ఆ మర్నాడే పోయింది.

ఆ పోటీలు వచ్చుంటే తాపీ పని చేసే జిల్సన్‌కు రెండేళ్లపాటు పని దొరికేది. అతను పని కోసం వేరే ఊరు బయల్దేరిన రోజు నేను పైకెళ్లి పోట్లాడాను.

"నీ పగ తీరింది. మరి మా సంగతేంటే?"

జురేమా కిటికీ దగ్గరి కుర్చీ నా వైపు జరిపింది. "నీ బాధ నాకర్థమైంది. కానీ తప్పు చేశానని మాత్రం నాతో అనిపించలేవు" అంది.

తలుపు ధడాలున వేసి వచ్చేశాను. నెలరోజులు మాటల్లేవు. ఇప్పటికీ జిల్సన్ పదిహేను రోజులకోసారి వచ్చి పోతున్నాడు. కోపం పూర్తిగా చల్లారలేదు. కానీ ఎవరాల్డో మెట్ల మీద కూలబడి ఆయాసపడటం గుర్తొస్తే నవ్వు ఆపుకోలేను. ఆ సంగతి జురేమాకు ఇంతవరకూ చెప్పలేదు.