సాన తాడు

మాసయ్యకు మిగిలింది కుడికన్ను ఒక్కటే. ఎడమది నిరుడు సానరాయి దగ్గర పోయింది. కొడవలికి పదును పెడుతుంటే లేచిన రవ్వ నేరుగా కంటిగుడ్డులో దిగింది. ఆ రోజు సాన తాడు లాగింది అతని పెళ్లాం జోగులమ్మే. రెండో కన్ను పోనిచ్చేది లేదని ఆమె అప్పుడే గట్టిగా అనుకుంది.

కొత్తకోట బాట పక్కన వాళ్ల కొలిమి. ఆ బాటన మోటారు బస్సు నడిపే బాలస్వామి దుమ్ము పడకుండా పెట్టుకునే నల్లద్దాలు పాతబడితే జోగులమ్మ అడిగి తెచ్చుకుంది. మోటారు లేనోడికి మోటారద్దాలెందుకని మాసయ్య నవ్వాడు. అయినా పెళ్లాం మాట తీసెయ్యలేక, తగిలించుకుని కొలిమి ముందు కూర్చున్నాడు.

అక్కడే దెబ్బతిన్నారు. ఇనుము తంగేడుపువ్వు రంగుకు రాగానే నిప్పులోంచి తీయాలి. నల్లద్దాల్లోంచి అది ఇంకా ఎర్రగానే కనిపించింది. మాసయ్య ఊదమంటూనే ఉన్నాడు, ఆమె తిత్తి ఊదుతూనే ఉంది. తీరా బయటికి తీస్తే నాగలికర్రు మొన మాడి తెల్లటి రవ్వలు చిమ్ముతోంది. సమ్మెట పడగానే పొడిపొడి అయింది.

మాసయ్య అద్దాలు బూడిదలోకి విసిరికొట్టి, ఇంకో కర్రు తీసుకుని సాన ముందు కూర్చున్నాడు. సాన తిరగాలంటే ఎదురుగా ఇంకొకరు తాడు లాగాలి. జోగులమ్మ ఆ తాడు చుట్టచుట్టి దాని మీద కూర్చుంది.

"తాడియ్యవా?"

"ఇయ్య. తప్పు అద్దాలది కాదయ్యా, మనది. నిప్పు రంగు చూసేటప్పుడు నుదుటి మీదికెత్తు. సమ్మెట కొట్టేటప్పుడు, సాన పట్టేటప్పుడు దించు. గంతే."

"గుడ్డికంటికి గూడ అద్దమేందే?"

"ఈగలు ముసరకుండ ఉంటయి. పెట్టుకో."

బూడిదలోంచి తీసి పెట్టుకున్నాడు. తాడు కదిలింది. కర్రు తళతళలాడేదాకా రవ్వలు లేస్తూనే ఉన్నాయి.

పని ఆగాక జోగులమ్మ అద్దాలు కొంగుతో తుడిచింది. కుడి అద్దం మీద నల్లటి చుక్కలు పోలేదు. మాసయ్య గోటితో గీకాడు. ఇనుప రవ్వలు అద్దంలోనే అతుక్కుపోయాయి. తాడు అటూ ఇటూ లాగేకొద్దీ రాయి రెండు వైపులా తిరుగుతుంది, రవ్వలూ రెండు వైపులా లేస్తాయి. తలెత్తి పెళ్లాం ముఖం చూశాడు. కనుబొమ్మ మీదే ఎర్రగా కాలిన మచ్చ, ఇప్పటిదే.

మాసయ్య తాడు చుట్టచుట్టి దాని మీద కూర్చున్నాడు.

"ఇంకా కర్రులున్నయి గదా. తాడియ్యి."

"ఇయ్య. నీకో జత అద్దాలు దొరికినంకనే సాన తిరుగుతది. పోయి బాలస్వామిని అడుగు."

జోగులమ్మ బూడిద దులుపుకుని, మోటారు ఆగే చోటికి చకచకా నడిచింది.