బాబాయి వైరు

ఆ పిల్లని స్కూల్లో అందరూ వాగుడుకాయ అనేవాళ్ళు. ఊరికే అనలేదు. గిటారు చేతికొచ్చి ఆరువారాలైనా కాలేదు, "నాకంతా వచ్చేసిందే!" అని ఊరంతా టముకు వేసింది. డ్రమ్ములు కొట్టే 'డబ్బా' గాడినీ, పాటలు పాడే 'సన్నాయి' పిల్లనీ పోగేసి బ్యాండు కట్టేసింది. స్కూలు వార్షికోత్సవానికి పేర్లు కూడా ఇచ్చేసింది.

పాటకి నాలుగు కార్డ్స్, అంటే తీగలు కలిపి నొక్కే పట్లు, కావాలి. ఈవిడకొచ్చినవి మూడే. నాలుగోదానికి చూపుడువేలితో ఆరు తీగలూ ఒకేసారి అదిమిపట్టాలి. ఎంత నొక్కినా బరబరమంటుందే తప్ప పలకదు. చెబితే పరువు పోతుందని ఎవరికీ చెప్పలేదు.

తీరా స్టేజీ ఎక్కి, హాలునిండా జనాన్ని చూసేసరికి ఆ నాలుగో కార్డే గుర్తొచ్చింది. ఎవరూ చూడకుండా గిటారు మీది వాల్యూమ్ సున్నాకి తిప్పేసింది. ఇంక చూడండి, ఆ తల ఊపడం, ఆ చెయ్యి విసరడం! చప్పుడు మాత్రం లేదు.

మైకుసెట్టు ఆమె సొంత బాబాయిది. పాట మధ్యలో పాపం వంగి వంగి స్టేజీ మీదికొచ్చి, గిటారు వైరు పీకి మళ్ళీ గుచ్చాడు. చెమటలు కక్కుతూ ఆంప్లిఫయర్ మీదున్నవన్నీ తిప్పి చూశాడు. ఆయన కంగారు కళ్ళారా చూస్తూ కూడా ఈ మహాతల్లి గిటారు మీది వాల్యూమ్ పెంచలేదు.

"పిల్లల కష్టమంతా మట్టిపాలు చేశావు కదయ్యా, నీ పాత వైర్లతో! వచ్చే ఏడాది నుంచి నువ్వు రానక్కర్లేదు," అని హెడ్మాస్టరు అందరి ముందూ దులిపేశారు.

పదహారేళ్ళుగా ఆ స్కూలుకి మైకు పెడుతున్న మనిషి తల వంచుకుని, "తప్పు నాదే సార్," అన్నాడు. పక్కనే ఉన్న వాగుడుకాయ గిటారు సంచీలో సర్దేసుకుంది.

సాయంత్రం ఆమె బాబాయి మైకుసెట్ల షాపుకి వెళ్తే, ఆయన ఆ వైరే ముందేసుకుని కూర్చున్నాడు. మీటరు పెట్టి, జానెడు జానెడు వంచి చూస్తున్నాడు. ప్రోగ్రాంలో ఒక్కసారి మొరాయించిన వైరుని ఆయన మళ్ళీ పెట్టెలో పెట్టడు. పొరపాటున కూడా చేతికి రాకూడదని రెండు ముక్కలు చేస్తాడు. దీన్నీ కటుక్కున కత్తిరించేశాడు.

"దీని రోగమేమిటో అంతుపట్టలేదు తల్లీ. నీ మొదటి ప్రోగ్రాం! ఫ్రెండ్స్ ముందు నీ పరువు తీసేశాను. ఏమనుకోకమ్మా."

సిగ్గుతో ఆమెకి చచ్చిపోవాలనిపించింది.

"వైరు కాదు బాబాయ్. నేనే సౌండు తీసేశా. నాకా పాట వాయించడం రాదు."

తిడతాడనుకుంది. చెంప ఛెళ్ళుమనిపించినా బాగుండేది. ఆయన చేతిలోని రెండు ముక్కలకేసి చూసుకున్నాడు. అంతసేపూ వాడిపోయి ఉన్న మొహం కాస్త తేటపడింది.

"అయితే నా వైరు మంచిదేనన్నమాట," అన్నాడు.

ఆమె ఏడుస్తూనే ఆ రెండు ముక్కలూ తీసుకుని హెడ్మాస్టరుగారింటికి బయల్దేరింది. దారిపొడుగునా, ఏమని మొదలుపెట్టాలో వాగుడుకాయకి ఒక్క మాటా దొరకలేదు.