పలాస పోయే రైలు

నీళ్ళ ట్యాంకర్ వచ్చిందని కింద కేకలు వినపడగానే అరుణ రెండు బిందెలు తీసుకుని మెట్లు దిగింది. తిరిగి వచ్చేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. మంచం మీద అమ్మ లేదు.

హిందూపురం వచ్చి ఇంకా నెల కాలేదు. పలాసలో భర్త సతీష్ పనిచేసే జీడిపప్పు మిల్లు మూతపడితే, పెనుకొండ దగ్గర కార్ల విడిభాగాల కంపెనీలో పని దొరికిందని రాష్ట్రం ఆ చివర నుంచి ఈ చివరకు సామాను కట్టుకుని వచ్చారు. అరుణ ఒక్కతే కూతురు. మతిమరుపు ముదిరిన తల్లి సూరీడమ్మను ఎవరికి అప్పగిస్తుంది? వెంట తెచ్చుకుంది. పలాసలో ఆమె దారి తప్పినా ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని ఇంటికి చేర్చేవారు. ఏళ్ళ తరబడి జీడిగింజలు కొట్టి నల్లబడిన ఆ వేళ్ళు చూస్తే చాలు, స్టేషను వెనక వీధిలో చిన్నపిల్లలు కూడా గుర్తుపట్టేవారు. ఇక్కడ ఆమెను ఎరిగినవాళ్ళు లేరు.

అరుణ వీధి చివరిదాకా పరుగెత్తింది. అక్కణ్ణుంచి ఎటు వెళ్ళాలో తెలియక కిరాణా కొట్టతన్ని అడిగింది.

"ఏం చీర కట్టుకోనుండాదమ్మా?" అన్నాడతను.

అరుణకు గుర్తు రాలేదు. పొద్దున ఆ చీర కట్టించింది తనే.

"మీ ఇల్లు యాడ?"

"తిప్పమ్మగారి మేడ మీద."

"ఏ తిప్పమ్మ?"

ఇంటావిడ పేరు తప్ప వీధి పేరు కూడా అరుణకు నోటికి రాలేదింకా.

సతీష్‌కు ఫోన్ చేసింది. చేస్తూనే ఉంది. కంపెనీలో ఫోన్లు గేటు దగ్గరే పెట్టించుకుంటారని తెలిసీ చేసింది.

పోలీస్ స్టేషన్లో కానిస్టేబుల్ మంచివాడే. కూర్చోమని కుర్చీ జరిపాడు.

"ఏం భాష మాట్లాడతాదమ్మా?"

"తెలుగేనండి."

"ఇంకేం మరి. దారిలో ఎవర్నన్నా అడిగి వచ్చేస్తాదిలే."

"ఆవిడ మా ఇల్లు అడగదండి. పలాస ఎటని అడుగుతుంది."

అతను సూరీడమ్మ ఫోటో తీసుకుని, అరుణ నంబరు రాసి తనకు తెలిసిన వాట్సాప్ గ్రూపులన్నిటికీ పంపాడు. "ఇంటికి పోయి కూర్చోమ్మా. ఆయమ్మే వస్తే, నువ్వు లేకుంటే ఎట్ల?" అన్నాడు.

అరుణ వచ్చి మెట్ల మీద కూర్చుంది. తిప్పమ్మ కాఫీ తెచ్చి ఇచ్చింది. "భయపడొద్దు తల్లీ. ఈ ఊరెంత, యాడికి పోతాది?" అంది. అప్పుడే ఎక్కడో రైలు కూత వేసింది. అరుణ గ్లాసు కింద పెట్టేసి లేచింది.

స్టేషను బయట టీ కొట్టు మనిషి ఫోటో చూడగానే తలూపాడు. "ఈ అవ్వేనమ్మా. పలాస పోతాదా అని అడిగినాది. అదేం ఊరో నాకేం తెలుసు? నేను ఆ మాట అనేలోపలే ధర్మవరం బండి ఎక్కేసినాది."

ధర్మవరం తర్వాత ఆ రైలు ఎటు వెళుతుందో అరుణకు తెలియదు. అమ్మ అక్కడ దిగిందో, ఇంకో రైలు ఎక్కిందో చెప్పేవాళ్ళు లేరు. ప్లాట్‌ఫాం మీద అటూ ఇటూ తిరుగుతుంటే కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"అమ్మా, నా పేరు చౌడప్ప. ధర్మవరంలో ఆటో తోల్తా. ఫోన్లో ఫోటో వచ్చింటే చూస్తి. మీయమ్మ ఈడ స్టేషన్లోనే ఉండాది. నా పెండ్లాం పక్కన కూర్చోనుండాది. నిదానంగా రాండి."

అరుణ ధర్మవరం రైలు ఎక్కింది. భోజనాల వేళ ఫోన్ చూసుకుని ఆమెతో మాట్లాడిన సతీష్, పెనుకొండలో అదే రైలు ఎక్కాడు. ఒంటి మీద కంపెనీ యూనిఫాం అలాగే ఉంది.

"తలుపు వేసుకుని వెళ్ళొచ్చు కదా" అన్నాడు.

"వేసే వెళ్ళాను. లోపలి నుంచి తీసుకుంది."

ధర్మవరంలో దిగి ఇద్దరూ ప్లాట్‌ఫాం వెంట వెతుక్కుంటూ నడిచారు.

సూరీడమ్మ బెంచీ మీద కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుంది. పక్కన చౌడప్ప భార్య సోమక్క. ఆమె చేతిలో మరమరాల ఉగ్గాని పొట్లం విప్పింది విప్పినట్టే ఉంది.

"ఏం పెట్టినా తినలేదమ్మా. మా అమ్మి వచ్చినాక తింటాను అంటాండాది. అమ్మి అంటే కూతురేమోలే అనుకుంటి. ఆయమ్మ మాట సగం మాకు అర్థం కాలేదు" అంది సోమక్క.

సూరీడమ్మ కూతుర్ని చూసి ముఖం విప్పార్చుకుంది. "వచ్చీసినావేటే? నీకోసమే సూస్తన్నాను. బండెక్కేద్దుమా?"

హిందూపురం వైపు వెళ్ళే రైలు వచ్చి ఆగింది. ఆమె మెట్టు దగ్గరే నిలబడిపోయింది.

"ఇది మనూరెల్తాదా?"

అరుణ భర్త వైపు చూసింది. అతను పట్టాల వైపు చూస్తున్నాడు.

"వెళ్తుందమ్మా" అంది.

సూరీడమ్మ మారుమాట లేకుండా ఎక్కింది. దారంతా ఎదుటి సీటు వాళ్ళకు తమ ఊరి గురించి చెప్పింది. వాళ్ళు అర్థమైనా కాకపోయినా నవ్వుతూ ఊకొట్టారు. అమ్మను అంత సంతోషంగా అరుణ ఈమధ్య చూడలేదు. హిందూపురంలో దిగాక మాత్రం సూరీడమ్మ నాలుగు వైపులా చూసి ఆగిపోయింది.

"వచ్చేసిందా పలాస?"

"వచ్చేసింది."

"మరి మనోల్లెవరూ కనపడరేటే?"

అరుణ ఆమె చెయ్యి పట్టుకుని నడిపించింది.

ఇంటికి వచ్చేటప్పుడే సతీష్ కొత్త తాళం కొన్నాడు. ఇంకో దారి చెప్పు అన్నట్టు అరుణ చేతిలో పెట్టాడు. ఆమెకూ ఇంకో దారి తోచలేదు.

మర్నాడు అతను పనికి వెళ్ళాక అమ్మ మాత్రలు అయిపోయాయి. అరుణ అమ్మను మంచం మీద కూర్చోబెట్టి, బయటికి వచ్చి, తలుపు మూసి తాళం వేసింది. రెండు మెట్లు దిగిందో లేదో లోపలి నుంచి మెల్లగా తట్టిన చప్పుడైంది.

"ఎవరమ్మా బయట?"

అరుణ వెనక్కి వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"నన్నిక్కడెట్టి తాళమేసీసినారమ్మా. మా అమ్మి వస్తే సెప్పండి, నానిక్కడున్నానని. పాపం, ఊరంతా ఎతుక్కుంటాది."

"చెప్తానమ్మా" అంది అరుణ.