గుత్తిలో రెండో తాళంచెవి

ఆర్చీకి ఒక అలవాటుంది. కారు దిగి నాలుగడుగులు వేశాక, వెనక్కి తిరిగి చూడకుండానే చెయ్యి పైకెత్తి తాళంచెవి మీది మీట నొక్కుతాడు. కారు దీపాలు ఒకసారి మిణుక్కుమంటాయి. తలుపులన్నీ టక్కున బిగుసుకుంటాయి. లోపల భార్య రీనా ఉన్నా అంతే, లేకపోయినా అంతే.

అలా బిగుసుకున్న కారులో మనిషి కదలకూడదు. తలుపు తీసినా, వెనక సీటులోని సంచీ కోసం చెయ్యి చాపినా దొంగ పడ్డాడనుకుని కారు గగ్గోలు పెడుతుంది. దాని నోరు మూయించాలంటే తాళంచెవి ఉండాలి. తాళంచెవేమో ఆర్చీ జేబులో పడి ఏ కోటనో, ఏ గుట్టనో ఎక్కుతూ ఉంటుంది. అందుకని రీనా చేతులు ఒళ్లో పెట్టుకుని, ఫొటో తీయించుకునే మనిషిలా కదలకుండా కూర్చోవడం నేర్చుకుంది.

"ఆ రెండో తాళంచెవి నాకియ్యరాదూ" అని అడిగింది ఒకసారి.

"నీకెందుకు పిల్లా? నువ్వు నడపవు కదా."

"నడపడానికి కాదు. తలుపు తీసుకోడానికి."

"ఎక్కడో పడేస్తావు. రెండూ ఒకే గుత్తికి ఉంటే పోవు."

"పోతే రెండూ కలిసే పోతాయి."

ఆర్చీ నవ్వాడు. ఆమె మాటలకు నవ్వడం అతనికి ఎప్పుడూ ఇష్టమే. వినడం వేరే సంగతి.

చెడ్డవాడు కాదు. ముప్ఫై ఏళ్లకు పైగా గ్లాస్గోలో బస్సు నడిపాడు, అదీ ఒకే దారిన. ఈ చివర రేవు, ఆ చివర ఆసుపత్రి. దారి మధ్యలో ఏ సందైనా బాగుందనిపిస్తే అటు తిప్పే వీల్లేదు. ఉద్యోగం అయిపోగానే పార్టిక్‌ అనే గ్లాస్గో పేటలోని అద్దె ఇల్లు వదిలేసి, ఉత్తరాన కిల్‌వోరన్ అనే ఊరికి అవతల, సముద్రపు పాయ ఒడ్డున తెల్లటి ఇల్లొకటి తీసుకున్నాడు. ఆ ఇంటికి కనుచూపు మేరలో ఇంకో పొగగొట్టం లేదు. "నీకోసమే" అన్నాడు. రీనా ఎన్నడూ సముద్రం కావాలని అడగలేదు. కానీ అంత సంబరపడుతున్న మనిషి ముఖం మీద కాదని ఎలా అంటుంది?

ఆమె పార్టిక్‌లో ఒక బడి వంటింట్లో పనిచేసేది. పని దిగితే బస్సెక్కి పై అంతస్తులో ముందు సీటులో కూర్చుని ఎక్కడికంటే అక్కడికి పోయేది. అక్కయ్య జెస్సీ ఇల్లు, చేపల కొట్టు, బింగో ఆట ఆడే హాలు, అన్నీ ఒక్క టికెట్టు దూరం. మొగుడు బస్సు నడుపుతాడు గనక తనకు నడపడం రావాలన్న ఆలోచనే ఎప్పుడూ రాలేదు. ఇప్పుడు పాల సీసా కావాలన్నా ఆర్చీ బూట్లు వేసుకోవాలి. ఇక్కడి బస్సు బడి పిల్లల కోసం వస్తుంది, బడి లేకపోతే అదీ లేదు.

వాన లేని రోజూ, వాన ఉన్న చాలా రోజులూ ఆర్చీ ఆమెను తిప్పుతూనే ఉన్నాడు. కూలిన కోటలు, రాళ్ల మీద బోర్లాపడుకున్న సీలు జంతువులు, జలపాతాలు, గుట్ట మీద నుంచి కనపడే దీవులు. బోర్డు కనపడితే ఆగి, దాని మీద రాసింది పైకి చదివేవాడు.

"ఈ ఆరు నెలల్లో నీకు చూపించినంత స్కాట్లండ్ మీ వంశంలో ఎవరూ చూసుండరు" అనేవాడు.

నిజమే. అంతా ఎడమ పక్క అద్దంలోంచి చూసింది. ఆమె చూడనిది మనుషులనే.

వాళ్ల ఇంటి వైపు కొండ దారిలో ఒక్క బండికే చోటుంటుంది. అక్కడక్కడ అంచు వెడల్పు చేసి, తెల్ల పలక పాతి, తప్పుకునే చోట్లు కట్టారు. ఎదురుగా బండొస్తే ఎవరికి ఆ చోటు దగ్గరో వాళ్లు వెనక్కి వెళ్లాలి. అక్కడి పద్ధతి అది. ఆర్చీ వెనక్కి వెళ్లేవాడు కాదు. "బస్సు వెనక్కి నడవదు పిల్లా" అని బండి ఆపి కూర్చునేవాడు. ఎదుటివాళ్లే వెళ్లేవారు. వెళ్లి, తప్పుకుంటూ స్టీరింగు మీంచి ఒక వేలెత్తి మర్యాదగా పలకరించేవారు. ఎంత మర్యాదైనా, ఇన్నాళ్లలో ఒక్కరు వాళ్ల తలుపు తట్టలేదు. ఆర్చీ అది గమనించలేదు. రీనా గమనించింది.

సెప్టెంబరులో, రెండు రోజులు ముసురు పట్టి వదిలిన ఉదయం, ఆర్చీ ఆమెను మళ్లీ జలపాతానికి తీసుకెళ్లాడు. నిండు వాన తరవాత చూడాలట. కొండ మలుపులో, తప్పుకునే చోట కారు ఆపాడు.

"ఇక్కడ ఆపకూడదని రాసుంది" అంది రీనా.

"అయిదు నిమిషాలు. ఈ దారిన గొర్రెలు తప్ప ఎవరొస్తారు? దిగు."

"మోకాలు బాగాలేదు. నువ్వెళ్లు. తాళం మాత్రం వెయ్యకు."

గాలికి తలుపు విసురుగా మూసుకుంది. ఆమె మాట సగం లోపలే ఉండిపోయింది. అతను గట్టెక్కి, వెనక్కి చూడకుండా చెయ్యెత్తాడు. టక్కుమంది.

ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుంది. అద్దానికి ఆవిరి పట్టింది. తుడవడానికి చెయ్యెత్తబోయి మానుకుంది.

ముందుగా పై నుంచి గొర్రెల లారీ వచ్చింది. వెనక ఇంకో బండి తగిలించుకుని, నిండా గొర్రెలతో సంతకు పోతోంది. సరిగ్గా అప్పుడే కింది నుంచి మలుపు తిరిగి పొడవాటి నల్లకారు వచ్చింది. దాని గాజు పక్కల్లోంచి శవపేటిక కనిపిస్తోంది. వెనక వరసగా కార్లు, మలుపు అవతలికి కూడా ఉన్నాయి. లారీ తప్పుకోవలసిన చోట రీనా కూర్చుని ఉంది. తోక తగిలించుకున్న లారీ ఆ మలుపులో వెనక్కి పోలేదు. శవమూ, దాని వెనక ఉన్న అన్ని కార్లూ వెనక్కి పోలేవు.

ఎవరూ హారన్ కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేదనిపించింది ఆమెకు. లారీ మనిషి దిగి వచ్చి, అద్దం దగ్గర వంగాడు.

"వాన తెరిపిచ్చినట్టుందమ్మా" అన్నాడు.

"అవునండీ" అంది రీనా, అద్దం అవతలికి వినపడేలా.

"కారు కాస్త జరుపుతారా?"

"నాకు నడపడం రాదు."

"సారెక్కడ?"

ఆమె కళ్లతో కొండ చూపించింది. అతను కొండ చూశాడు, నల్లకారు చూశాడు, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"తలుపు తీయండి. మేం చూసుకుంటాం."

"తీస్తే అరుస్తుంది."

"ఎవరు?"

"కారు."

అతను వెనక్కి తిరిగి నల్లకారు వైపు చెయ్యూపాడు. ఒకరొకరుగా నల్లకోట్లవాళ్లు చేరారు. అందరూ కారు లోపలికి చూడకుండా ఉండటానికి ప్రయత్నిస్తూ చూస్తున్నారు. రీనాకు ముఖం ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. తిప్పుకోవాలంటే మెడ కదపాలి.

అప్పుడు వాళ్లను పక్కకు జరుపుకుంటూ ఒక ముసలావిడ వచ్చింది. పొట్టి మనిషి, నల్ల టోపీ, చేతిలో రుమాలు. ఆవిడకు అందరూ దారిచ్చిన తీరు చూసి, చనిపోయినాయన భార్య ఆవిడేనని రీనాకు అర్థమైంది. ఆవిడ అద్దం మీద వేలితో తట్టింది.

"తలుపు తీయమ్మా."

"తీస్తే అరుస్తుందండీ. ఇలాంటప్పుడు..."

"అరవనీ. మా లాచీకి ఇరవై ఏళ్లుగా ఉరుమే వినపడదు."

రీనా తలుపు తీసింది. కారు కొండలన్నీ మారుమోగేలా మొదలుపెట్టింది. లారీలో గొర్రెలన్నీ దానికి బదులు పలికాయి. నల్లకోట్లవాళ్లు బూట్ల వంక చూసుకున్నారు. ముసలావిడ భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని రీనా ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆవిడ నవ్వుతోంది.

"మోయడానికే కదా వచ్చాం" అన్నాడు ఒక ఎర్ర గడ్డపాయన, చేతులు రుద్దుకుంటూ. "వరసలో ముందు ఇది."

"నీ నడుం జాగ్రత్తరా తోర్కిల్. లాచీకి ఇంకా నువ్వు కావాలి" అన్నాడు పక్కనున్నాయన.

"లాచీ దీనికంటే బరువు. రోజుకు ఎంత జావ తాగేవాడో నీకు తెలీదు."

ఆరుగురో ఏడుగురో కింద చేతులు వేసి, అరుస్తున్న కారును అలాగే లేపి, దారి పక్క పొదల్లో పెట్టారు. లారీ ఆ చోటులోకి తప్పుకుంది. కారు అరిచి అరిచి దానంతటదే ఊరుకుంది.

"ఎక్కు" అంది ముసలావిడ, తన కారు తలుపు చూపించి. "ఈ చలిగాలిలో ఎంతసేపు నిలబడతావు?"

"నేనా? ఆయన్ని నేనెరగను కదండీ."

"ఆయన నిన్నెరుగును. రోడ్డు పక్కన కూర్చుని పోయే బండ్లన్నీ చూసేవాడు. ఎర్ర కారులో ఆవిడ ఎప్పుడూ నవ్వదు, ఆయన ఎప్పుడూ వెనక్కి తగ్గడు అనేవాడు."

రీనా కొండ వంక చూసింది. జలపాతం హోరులో ఆర్చీకి ఇదేమీ వినపడి ఉండదు. దిగి వచ్చి చూస్తే కంగారు పడతాడు అనుకుంది. పడనీ అని కూడా అనుకుంది. ఆ రెండో మాటకు ఆమెకే కాస్త భయమేసింది. అయినా ఎక్కింది.

సముద్రం ఒడ్డున పాత శ్మశానంలో లాచీని దించారు. తరవాత అందరూ ఊరి హాలుకు చేరారు. వంటగదిలో ఇద్దరే ఆడవాళ్లు ఉన్నారు, వాళ్ల ముందు రొట్టెలు గుట్టలుగా ఉన్నాయి. రీనా ఎవరినీ అడగకుండా చేతులు కడుక్కుని కత్తి అందుకుంది. ఎన్ని నెలలకో ఆమె చేతులు తమంతట తాము పనిచేశాయి. రొట్టెకు వెన్న అంచు నుంచి అంచు దాకా ఒకే విసురులో పడుతోంది.

ముసలావిడ పేరు ఎఫీ. బయట కుర్చీలో కూర్చుని ఓదార్పులు వినలేక ఆవిడ కూడా వంటగదిలోకి వచ్చేసింది.

"మీరు నడుపుతారా?" అని అడిగింది రీనా.

"లాచీ కాళ్లలో సత్తువ తగ్గాక నేర్చుకున్నా. అప్పటికే మనవరాలికి పెళ్లైంది. ఒడ్డున పచ్చిక ఉంది చూశావూ, అక్కడ. ఒక గొర్రెనూ, మా చర్చి కంచెనూ గుద్దాను. గొర్రె బతికింది."

"నాకొస్తుందంటారా?"

"కంచె ఇంకా అక్కడే ఉంది" అంది ఎఫీ. "సోమవారం నేనే వచ్చి తీసుకెళ్తాను."

అప్పుడు తలుపు దగ్గర ఆర్చీ కనిపించాడు. హాలు ముందు అన్ని కార్లు చూసి ఆగినట్టున్నాడు. మోకాళ్ల దాకా బురద. పొదల్లోంచి కారు బయటికి లాగడంలో చెయ్యి గీసుకుపోయింది. టోపీ నలిపేస్తున్నాడు.

"రీనా" అన్నాడు. "కారు పొదల్లో ఉంది. నువ్వు లేవు. వాగు ఒడ్డంతా వెతికాను. నీళ్లలోకి..."

ఆమెకు జాలి వేసింది. ఎప్పుడూ అంతే. ఇన్నేళ్లూ ఆమెను సీటుకు కట్టేసింది ఆ జాలే.

"టీ తాగుతావా?" అంది.

"మీ ఆయనేనా?" అంది ఎఫీ.

"ఆయనే."

"మంచి చోటే ఆపావు నాయనా. ఇంకాసేపు ఉంటే లాచీ లేచి తనే నడిచి వెళ్లిపోయేవాడు."

వంటగదిలో నవ్వులు లేచాయి. ఆర్చీ చెవులు ఎర్రబడ్డాయి. రీనా మాత్రం నవ్వలేదు. వెన్న చేతిని చాపింది.

"గుత్తి ఇలా ఇయ్యి."

"ఇంటికెళ్లాక చూద్దాం పిల్లా."

"ఇంటికెళ్లాక నువ్వు నవ్వుతావు."

ఆర్చీ ఆమె వంక చూశాడు. చాలా కాలంగా ఎదురుగా ఉన్న బోర్డును అప్పుడే చదివినట్టు చూశాడు. జేబులోంచి గుత్తి తీశాడు. ఉంగరం గట్టిది, గోటికి లొంగలేదు. రీనా రొట్టెల కత్తి అందించింది. దాని మొనతో ఉంగరం విడదీసి, రెండో తాళంచెవిని చుట్టూ తిప్పి తిప్పి లాగాడు. అందరూ రొట్టెలు కోస్తున్నట్టు నటించారు.

ఇంటికి వెళ్లేటప్పుడు ఎదురుగా ఒక వ్యాను వచ్చింది. తప్పుకునే చోటు వాళ్ల వెనక ఉంది. ఆర్చీ కాసేపు ఆగాడు. తరవాత చెయ్యి ఆమె సీటు వెనక వేసి, మెడ తిప్పి, మెల్లగా వెనక్కి పోనిచ్చాడు. వ్యాను మనిషి వేలెత్తాడు. రీనా కూడా ఒక వేలెత్తింది.

ఇంటికి చేరేసరికి మళ్లీ ముసురు పట్టింది. ఎదుటి కొండ పోయింది, సముద్రం పోయింది. కిటికీలో మిగిలిందల్లా ఆ కారు ఒక్కటే. నడపడం రాని ఆమెకు అదీ గ్లాస్గో అంత దూరంలోనే ఉంది. సోమవారానికి ఇంకా మూడు రోజులున్నాయి. రీనా కిటికీ దగ్గర నిలబడి మీట నొక్కింది. వానలో దీపాలు మిణుక్కుమన్నాయి. మళ్లీ నొక్కింది. తాళం పడింది. మళ్లీ తీసింది.

"బ్యాటరీ అయిపోతుంది పిల్లా" అన్నాడు ఆర్చీ, పొయ్యి దగ్గర బూట్లు ఆరబెట్టుకుంటూ.

"అవనీ" అంది రీనా, ఇంకోసారి నొక్కి.